సరంగులతో కూర్చుని గీసిన పెట్టె

విశాఖపట్నం, మే నెల

ఒరేయ్ శీనూ,

"వాడేవాళ్లని అడుగుతూ కూర్చుంటే పని తెమలదురా" అని ఫోన్లో అన్నావు కదా, దానికి సమాధానం ఫోన్లో అయ్యేది కాదు. టీ పెట్టుకుని చదువు.

మేం చేస్తున్నది చేపల వేటకెళ్లే మర బోట్ల మీద పెట్టే చిన్న పెట్టె. వల తగులుకుని చిరిగే చోట్లు గుర్తుపెట్టుకుని, బోటు అటు వెళ్తుంటే ముందే చెబుతుంది. ఇప్పుడు వేట నిషేధం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు బోట్లన్నీ ఫిషింగ్ హార్బర్‌లోనే. బోటు నడిపే సరంగులు దొరికేది ఈ రోజుల్లోనే. తీరిగ్గా అనను, వలల బాగు, ఇంజన్ పని ఉండనే ఉంటాయి.

వాళ్లని ఆఫీసుకి పిలిచి ఏం కావాలని అడిగితే మర్యాదకి "బానే ఉంది బాబూ" అంటారంతే. అందుకే ఒక అట్టపెట్టె మీద స్కెచ్ పెన్నుతో స్క్రీనూ బటన్లూ గీసి, బోటు కేబిన్‌లో కట్టాం. ఇక చూడు! "ఏటి బాబూ, తడి చేతుల్తో ముట్టుకుంటే పన్జేస్తాదా?" అని ఒకాయన. రాత్రిపూట అంత వెలుగు మొహాన పడితే ఎదురొచ్చే పడవ కనబడదని ఇంకొకాయన. లోతు మీటర్లలో వద్దు, బారల్లో చూపించమన్నారు. డ్రైవరైతే, ఇంజన్ అదురుకి ఈ కట్టు నిలవదని చేత్తో ఊపి ఊడదీసి మరీ చూపించాడు.

అట్టపెట్టె మా తెలివేం కాదులే. 1981లో స్కాండినేవియాలో యుటోపియా అనే ప్రాజెక్టు మొదలైంది. అచ్చుపనిలోకి కంప్యూటర్లు వస్తున్న కాలం. ప్రెస్ కార్మికుల సంఘమూ పరిశోధకులూ కలిసి, పేజీలు పేర్చే కొత్త పనిముట్లు ఎలా ఉండాలో అట్టలతో, ప్లైవుడ్‌తో నమూనాలు చేసుకుని తేల్చుకున్నారు. లేజర్ ప్రింటర్ ఉండాల్సిన చోట ఖాళీ అట్టపెట్టె! నాకు నచ్చిందేమిటంటే, వాళ్లు సంఘం తరఫున కూర్చున్నారు. వద్దంటే ఆ మాటకి బరువుంటుంది. ఇక్కడ ఒక్కో సరంగూ ఒంటరిగా వచ్చి, మొహమాటపడి వెళ్లిపోతాడు.

అసలు గొడవ గుర్తులు పంచుకోవడం దగ్గర వచ్చింది. అన్ని బోట్ల గుర్తులూ అందరికీ కనబడాలని మా పైవాళ్ల ఆలోచన. సరంగులేమో, వల చింపే రాళ్లైతే సంతోషంగా చెబుతాం, చేప పడే చోటు సొంత తమ్ముడికైనా చెప్పం అన్నారు. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార కేంద్రం ఉపగ్రహాల సమాచారంతో, సముద్రపు ఉష్ణోగ్రత, క్లోరోఫిల్ చూసి చేపలుండే ప్రాంతాలు అందరికీ చెబుతుంది. దానికి వీళ్లకేం అభ్యంతరం లేదు. కానీ ఏళ్ల తరబడి డీజిల్ కాల్చి కనిపెట్టిన చోటు వేరు, అది వాళ్ల ఆస్తి. అందుకని రెండు రకాల గుర్తులు పెడుతున్నాం, రెండోది పెట్టె దాటి బయటికి పోదు. ఏ సర్వే ఫారంలో దొరికేదిరా ఈ సంగతి?

అలాగని వాళ్లలో వాళ్లకి ఒకే మాట అనుకోకు. కుర్ర సరంగులకి రంగుల మ్యాప్ కావాలి, పెద్దవాళ్లకి బొమ్మలు వద్దు, శబ్దం చాలు. ఆ ఇంజన్ మోతలో ఏ బీప్ వినబడుతుందో సముద్రంలోకి వెళ్తేగానీ తేలదు. వచ్చి కూర్చున్న పూటకి కూలి ఇవ్వాలని నేను పట్టుబట్టాను, ఇంజనీరుకి జీతం ఇస్తూ సరంగుకి టీ, బిస్కెట్‌తో సరిపెడితే ఎలా? అది ఇంకా నలుగుతోంది.

నువ్వు చేయాల్సిన పని ఒకటుంది. ఉప్పునీళ్లకి పాడవని, చీకట్లో వేలికి తెలిసేంత పెద్ద బటన్లు హైదరాబాద్‌లో ఎక్కడ దొరుకుతాయో కనుక్కో. జూన్ 14 లోపల రెండు మూడు రకాలు పంపు. ఏది ఉంచాలో వాళ్లే నొక్కి చూసి చెబుతారు.

నీ
రాజు