వార్షిక నివేదిక: కీమో రోజుల్లో ఇన్ఫెక్షన్లు రాకుండా

సభ్యులకు నమస్కారం.

ఈ ఏడాది మనం ఇంటింటికీ మోసుకెళ్లిన మాట ఒకటే: కీమో (క్యాన్సర్‌కు మందులతో చేసే చికిత్స) నడుస్తున్న మనిషికి జ్వరం వస్తే తెల్లారేదాకా ఆగకూడదు. చాలా మందుల్లో కీమో ఎక్కించిన 7 నుంచి 14 రోజుల మధ్య న్యూట్రోఫిల్స్ అనే తెల్లరక్త కణాలు అట్టడుగుకు పడిపోతాయి. మైక్రోలీటరు రక్తంలో 500 కంటే తగ్గితే, చిన్న క్రిమి కూడా గంటల్లో రక్తమంతా పాకుతుంది. చీము పట్టాలన్నా ఆ కణాలే కావాలి. అందుకే చీము, వాపు పెద్దగా కనిపించవు, చాలాసార్లు జ్వరం ఒక్కటే గుర్తు.

సభ్యుల ఇళ్లకు డిజిటల్ థర్మామీటర్లు ఇచ్చింది అందుకే. నోట్లో పెట్టి చూసేటప్పుడు, టీ గానీ చల్లని నీళ్లు గానీ తాగి ఉంటే 15 నిమిషాలు ఆగాలి. నోరు పూసి ఉంటే చంకలో పెట్టండి, కాకపోతే అక్కడ కాస్త తక్కువే చూపిస్తుంది. మలద్వారంలో మాత్రం వద్దు, లోపల గీసుకుంటే క్రిములకు దారి ఇచ్చినట్టే. ఒక్కసారి 101 దాటినా, 100.4 గంటసేపు తగ్గకుండా ఉన్నా ఆస్పత్రికి బయల్దేరాలి. వణుకు పుడితే జ్వరం లేకపోయినా సరే. గుమ్మం దాటగానే "కీమోలో ఉన్నారు" అని మొదట చెప్పండి, యాంటీబయాటిక్ ఇంజెక్షన్ గంటలోపు పడాలి.

ఎక్కువ కేసులు చెడిపోయేది ఇంట్లోనే. కొలవకుండానే పారాసెటమాల్ వేస్తారు. జ్వరం దిగుతుంది, ఇన్ఫెక్షన్ మాత్రం లోపల పెరుగుతూనే ఉంటుంది. లేదంటే ఊళ్లోని ఆర్‌ఎంపీ దగ్గర సెలైన్ పెట్టించి రాత్రి గడిపేస్తారు. ఈ రెండూ మానండని వచ్చే ఏడాదీ చెబుతూనే ఉంటాం.

పిక్ లైన్ (మందు ఎక్కించడానికి చేతి నరంలోంచి గుండె దగ్గరిదాకా వేసే సన్నని గొట్టం) ఉన్నవారికి వారానికోసారి డ్రెస్సింగ్ మార్పించాలి. తడిసినా, అంచు లేచినా ఆ రోజే. స్నానానికి ముందు ప్లాస్టిక్ కవరు చుట్టి టేపు వేయాలి. లైన్ ఉన్నచోట పసుపు, విబూది రాయడం పూర్తిగా మానాలి, ఎంత భక్తితో రాసినా.

నోటి పుళ్లకు లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఒక టీస్పూను ఉప్పు, ఒక టీస్పూను వంటసోడా కలిపి రోజుకు నాలుగైదుసార్లు పుక్కిలించి ఉమ్మాలి. బ్రష్ మెత్తనిదై ఉండాలి.

తిండి విషయంలో మన వాళ్ల భయం అవసరానికి మించి ఉంది. పళ్లన్నీ మానేయక్కర్లేదు, బాగా కడిగి తొక్క తీసి తినొచ్చు. మానాల్సినవి వేరే: బండి మీది చెరుకురసం, పానీపూరీ, సగం ఉడికిన గుడ్డు, రాత్రి వండి బయటే ఉంచిన అన్నం. ఆ అన్నంలో పెరిగే క్రిమి వదిలే విషం మళ్లీ వేడి చేసినా పోదు.

పరామర్శకు వచ్చేవాళ్లు ముందు సబ్బుతో 20 సెకన్లు చేతులు కడుక్కోవాలి. జలుబు ఉన్నవాళ్లు ఫోన్‌లోనే పలకరించాలి. రాబోయే ఏడాది ఇంట్లో సేవ చేసేవాళ్లకు ఫ్లూ టీకా వేయించే పని చేపడుతున్నాం. రోగికి వేయించాలంటే డాక్టరును అడిగి, కుదిరితే కీమో మొదలుకు రెండు వారాల ముందే వేయించాలి. ముక్కులో కొట్టే ఫ్లూ టీకా రోగికి వద్దు, అందులో బతికున్న వైరస్ ఉంటుంది.