వారం వారం బడి కబురు ఇంటికి చేరాలి

సంపాదకులకు నమస్కారం.

అయ్యా,

ప్రాథమిక పాఠశాలల నుంచి తల్లిదండ్రుల ఫోన్లకు వచ్చే సందేశాలను వరుసగా చూస్తే, రేపు సెలవనీ, ఆధార్ నకలు పంపమనీ, యూనిఫాం తప్పనిసరనీ, ప్రైవేటు బడి అయితే ఫీజుకు ఆఖరు గడువు ఫలానా తేదీ అనీ ఉంటుంది గానీ, ఈ వారం తరగతిలో పిల్లలకు ఏం నేర్పారన్న మాట మాత్రం దాదాపు ఎక్కడా కనిపించదు. మూడో తరగతి చదివే అమ్మాయి తల్లిగా ఈ ఒక్క లోటు గురించే మీ పత్రిక ద్వారా తిరుపతి, చిత్తూరు జిల్లాల విద్యాశాఖ అధికారులకూ, ఉపాధ్యాయులకూ, సాటి తల్లిదండ్రులకూ విన్నవించుకుంటున్నాను.

నిరుడు రెండో తరగతిలో ఉండగా మా పాప లెక్కల నోటుపుస్తకంలో 52లోంచి 27 తీసివేస్తే 35 అని రాసి ఉంది. ఏడులోంచి రెండు, ఐదులోంచి రెండు తీసి రాసింది. అంటే ఏ అంకె పైన ఉంది, ఏది కింద ఉంది అన్నది చూడకుండా, పెద్ద అంకెలోంచి చిన్న అంకెను తీసివేస్తోందన్నమాట. ఆ పేజీలోని లెక్కలన్నీ ఇదే తీరులో ఉన్నాయి. పదుల స్థానం నుంచి అప్పు తెచ్చుకోవడం ఆ వారమే మొదలుపెట్టారన్న సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. ఏడాది మధ్యలో బడిలో పెట్టే ఫార్మేటివ్ పరీక్ష మార్కులు వచ్చాక మాత్రమే పాప లెక్కల్లో వెనకబడిందని తెలిసింది. ఎక్కడ ఆగిపోయిందో ఆ మార్కు చెప్పదు. ఆ వారంలోనే కబురు అంది ఉంటే, చీపురుపుల్లలను పదేసి కట్టలుగా కట్టి, ఒక కట్ట విప్పి చూపిస్తే ఒక సాయంత్రంలో తేలిపోయే విషయం అది. కబురు అందకపోవడం వల్ల అలాంటి చిన్న సందేహమే ముదిరి, చాలా ఇళ్లలో ట్యూషన్ దాకా వెళ్తోంది.

తల్లిదండ్రులకు ఈ సమాచారం ఇవ్వడం ఎవరి దయాదాక్షిణ్యాల మీదా ఆధారపడిన పని కాదు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టంలోని 24వ సెక్షన్ ఉపాధ్యాయుల విధులను చెబుతూ, తల్లిదండ్రులతో క్రమం తప్పకుండా సమావేశమై పిల్లల హాజరు, నేర్చుకునే సామర్థ్యం, చదువులో సాధించిన ప్రగతి గురించి వారికి తెలియజేయాలని స్పష్టంగా పేర్కొంది. మన రాష్ట్రంలో 2024 డిసెంబరు 7న, మళ్లీ 2025 జులై 10న జరిగిన మెగా తల్లిదండ్రుల సమావేశాలు ఈ దిశగా మంచి ప్రయత్నాలని నేను మనస్ఫూర్తిగా అంగీకరిస్తాను. బడి గడప తొక్కడానికే సంకోచించే ఎందరో ఆ రోజుల్లో పిల్లల తరగతి గదుల్లో కూర్చున్నారు. అయితే ఆ రెండు పెద్ద సమావేశాల మధ్య ఏడు నెలల ఎడం ఉంది. అంతలో పిల్లలు పైతరగతికి వెళ్లారు, చాలా బడుల్లో పాఠం చెప్పేవారూ మారారు. ఏడెనిమిదేళ్ల పిల్లల చదువుకు ఏడు నెలలంటే చాలా పెద్ద కాలం.

పైగా మన ప్రాంతంలో అందరూ ఒకే వేళకు బడికి రాగలిగే బతుకులు కావు. తిరుమల కొండపైన షిఫ్టుల్లో పనిచేసేవారు, ఘాట్ రోడ్డులో జీపులు నడిపేవారు, లాడ్జీల్లో గదులు శుభ్రం చేసేవారు, తెల్లవారకముందే బస్సెక్కి శ్రీసిటీ కర్మాగారాలకు వెళ్లే తల్లులు ఒక పూట కూలి వదులుకుంటే తప్ప బడికి రాలేరు. బ్రహ్మోత్సవాల రోజుల్లో అయితే ఆ అవకాశమే ఉండదు. ఇంట్లో ఒక్కటే మంచి ఫోను ఉంటే అది తండ్రి జేబులో డ్యూటీకి వెళ్లి, పిల్లలు నిద్రపోయాక ఇల్లు చేరుతుంది. అందువల్ల వాట్సాప్‌లో పెట్టేశాం కదా అంటే సరిపోదు. పిల్లల సంచిలో పెట్టి పంపే అర కాగితం కూడా కావాలి.

ఆ కాగితంలో ఏం ఉండాలన్నదే ముఖ్యం. 'తెలుగులో నాలుగో పాఠం పూర్తయింది' అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. ఉదాహరణకు రెండో తరగతి వారికి ఇలా రాయవచ్చు: 'ఈ వారం ద్విత్వాక్షరాలు నేర్చుకున్నాం. అమ్మ, అక్క, పువ్వు వంటి మాటలు చదువుతున్నారు. మీరు బస్టాండు వైపు వెళ్లినప్పుడు చిత్తూరు, పుత్తూరు, నెల్లూరు బస్సుల బోర్డులు చదివించండి. వచ్చే వారం సంయుక్తాక్షరాలు మొదలవుతాయి. చంద్రగిరి, శ్రీకాళహస్తి బోర్డులు అప్పుడు చదివించవచ్చు.' ఇంతే చాలు. ఇది చదివిన తల్లి తనకు చదువు తక్కువైనా బిడ్డకు ఏం చేయించాలో తెలుసుకుంటుంది. కొలతల పాఠం జరిగే వారమైతే పూలను మూరల లెక్కన అమ్మే తల్లి ఉపాధ్యాయురాలి కంటే బాగా చెప్పగలదు. ఆ పాఠం ఇప్పుడు నడుస్తోందన్న సంగతి ఆమెకు తెలియాలి, అంతే. చదవడం రాని పెద్దలకు అదే విషయాన్ని ఒక నిమిషం వాయిస్ మెసేజ్‌గా పంపవచ్చు. నగరి, కుప్పం వైపు ఇళ్లలో తమిళం మాట్లాడేవారికీ, ఉర్దూ మాట్లాడే కుటుంబాలకూ ఈ ఏర్పాటు మరింత అవసరం.

ఏ తరగతి ముగిసేసరికి బిడ్డకు ఏం రావాలో కూడా తల్లిదండ్రులకు ముందుగా తెలియజేయాలి. 2021 జులై 5న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమం, 2026-27 నాటికి దేశంలోని ప్రతి బిడ్డా మూడో తరగతి పూర్తిచేసేసరికి అర్థం చేసుకుంటూ చదవగలగాలనీ, ప్రాథమిక లెక్కలు చేయగలగాలనీ లక్ష్యం పెట్టుకుంది. రెండో తరగతి చివరికి 999 వరకు సంఖ్యలు చదివి రాయడం, 99 వరకు తీసివేతలు చేయడం, మూడో తరగతి చివరికి 9999 వరకు సంఖ్యలు రావడం, నిమిషానికి కనీసం 60 పదాలు అర్థవంతంగా చదవడం అందులోని మెట్లు. ఈ మెట్ల సంగతి శిక్షణలకు వెళ్లే ఉపాధ్యాయులకు తెలుసు, అధికారులకు తెలుసు. ఆ పిల్లలను కన్నవారిలో ఎందరికి తెలుసో మీరు ఏ వీధిలోనైనా అడిగి చూడవచ్చు. 2020-21 నుంచి పాఠ్యపుస్తకాల్లో ఎదురెదురు పేజీల్లో తెలుగు, ఇంగ్లిషు రెండూ అచ్చవుతున్నాయి కాబట్టి, వారపు కాగితంలో పేజీ సంఖ్య రాస్తే చాలు, తెలుగు మాత్రమే వచ్చిన తల్లి కూడా ఇంగ్లిషు మీడియం లెక్కను ఇంట్లో విప్పి చెప్పగలదు. ఇంత మంచి సౌకర్యం మన చేతిలో ఉండి కూడా అక్కరకు రాకుండా పోతోంది.

ఒక విషయంలో మాత్రం గట్టి జాగ్రత్త అవసరం. పిల్లల పేర్లు, మార్కులు, ర్యాంకులు అందరూ చూసే గ్రూపులో పెట్టడం ఇప్పటికే కొన్నిచోట్ల జరుగుతోంది. ఇది వెంటనే ఆగాలి. ఆ రాత్రి ఆ బిడ్డకు ఇంట్లో దెబ్బలు పడతాయే తప్ప చదువు రాదు. తరగతి మొత్తానికి సంబంధించిన విషయం అందరికీ పంపాలి, ఒక బిడ్డ ఇబ్బంది ఆ బిడ్డ ఇంటికి మాత్రమే చెప్పాలి.

ఉపాధ్యాయుల మీద ఇప్పటికే మోయలేనంత పని ఉందన్నది నాకు తెలియని విషయం కాదు. హాజరు, భోజనం, ఫోటోలు అంటూ యాప్‌లతో గడిచే సమయాన్ని చూస్తున్నాం. పల్లెల్లో ఒకే ఉపాధ్యాయుడు ఐదు తరగతులూ చూసే బడులు ఇంకా ఉన్నాయి. అందుకే ఇది కొత్త రిజిస్టరుగానో, కొత్త యాప్‌గానో రాకూడదని నా మనవి. వారి పాఠ్య ప్రణాళికలో ఎలాగూ రాసుకునే విషయంలోంచి నాలుగు వాక్యాలు ఎత్తి రాస్తే సరిపోతుంది. ఏకోపాధ్యాయ పాఠశాలల్లో అయితే గేటు పక్కన ఒక నల్లబల్ల మీద ఐదో తరగతి పిల్లల చేతనే రాయించవచ్చు. మన ఉమ్మడి చిత్తూరు జిల్లాలోనే, మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీ విద్యాసంస్థ వారు గ్రామీణ బడుల కోసం రూపొందించిన పద్ధతిలో, ఏ బిడ్డ ఏ మెట్టు మీద ఉందో ఆ బిడ్డకే కనిపించేలా 'నేర్చుకునే నిచ్చెన' పటం ఉంటుంది. పలు తరగతులను ఒకే గదిలో కూర్చోబెట్టే బడుల్లో నడిచిన పద్ధతి అది. బిడ్డకు కనిపించేది తల్లికి కూడా కనిపించేలా చేయడం అంత కష్టమైన పని కాదు.

కాగితం అడుగున ఇంటివారు రాయడానికి రెండు గీతలు వదిలితే మరీ మంచిది. అంగట్లో చిల్లర తప్పు లేకుండా లెక్కపెట్టి తెచ్చే బిడ్డ, అదే తీసివేత నోటుపుస్తకంలో తప్పు చేస్తోందని తల్లి రాసిందనుకోండి, ఆ బిడ్డకు లెక్క వచ్చుననీ, రాతలో పెట్టడం దగ్గరే చిక్కు ఉందనీ ఉపాధ్యాయురాలికి వెంటనే అర్థమవుతుంది. ఇలాంటి సంగతి ఏ పరీక్షా బయటపెట్టదు.

రెండు జిల్లాల విద్యాశాఖాధికారులు ముందుగా ఒకటి నుంచి మూడు తరగతుల వరకు శనివారం వారపు కాగితాన్ని అమలు చేయాలనీ, ఆ మేరకు యాప్‌లలో ఒక నమోదు పనినైనా తగ్గించాలనీ కోరుతున్నాను. చట్టం ప్రకారం ప్రభుత్వ పాఠశాలల యాజమాన్య కమిటీల్లో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, సభ్యుల్లో సగం మంది మహిళలై ఉండాలి. కాబట్టి ఉత్తర్వు వచ్చేదాకా ఆగకుండా, వచ్చే కమిటీ సమావేశంలోనే ఈ అంశాన్ని చర్చకు పెట్టమని ఆ సభ్యులకు నా విన్నపం. కాగితం ఖర్చు గురించి సందేహం వస్తే, తరగతికి ఒక రీము చొప్పున మేము తల్లిదండ్రులమే తెచ్చి ఇస్తాం.

ఇట్లు,
మూడో తరగతి విద్యార్థిని తల్లి,
కొర్లగుంట, తిరుపతి.