పేదల జబ్బులకు పాత మందులు: పరీక్షల ఖర్చు ప్రభుత్వాలే భరించాలి

సంపాదకులకు,

అయ్యా,

నులిపురుగుల నివారణ దినం సందర్భంగా చెన్నై బడుల్లో పిల్లల చేత ఆల్బెండజోల్ మాత్రలు నమిలించిన వార్తను మీ పత్రికలో చదివాను. ఆ మాత్ర మొదట పశువుల కోసం తయారైందన్న సంగతి చాలామంది తల్లిదండ్రులకు తెలియదు. గొర్రెల్లో, పశువుల్లో పురుగులను చంపుతున్న మందు మనుషులకూ పనికొస్తుందని తేలిన తర్వాతే అది మన పిల్లల దాకా వచ్చింది. ఇది అరుదైన ఉదంతం కాదు. పరాన్నజీవుల వల్ల పేదలకు వచ్చే జబ్బులకు ఇవాళ వాడుతున్న మందుల్లో చాలా భాగం మరొక పనికోసం పుట్టినవే. అలాంటి మందు కనిపించడం వరకూ ఎలాగో జరుగుతోంది గానీ, కనిపించాక దాన్ని రోగుల మీద పద్ధతిగా పరీక్షించి, ఏళ్ల తరబడి ఆగకుండా తయారు చేయించి, రోగి చేతిలో పెట్టే బాధ్యత ఎవరిదన్నది మాత్రం మన దేశంలో ఇప్పటికీ తేలలేదు. ఈ లేఖ రాయడానికి కారణం అదే.

కాలా అజార్‌ను తీసుకుందాం. ఇసుక ఈగ కుట్టడం వల్ల వచ్చే ఈ జబ్బులో వారాల తరబడి జ్వరం విడవదు, ప్లీహం పెరిగి పొట్ట ఉబ్బుతుంది, ఒళ్లు ఎండిపోతుంది. వైద్యం అందకపోతే దాదాపుగా ప్రాణం దక్కదు. దీనికి కారణమైన పరాన్నజీవిని 1903లో మన చెన్నైలోనే, జనరల్ ఆసుపత్రిలో పనిచేస్తున్న చార్లెస్ డోనవన్ గుర్తించాడు. అదే ఏడాది ఇంగ్లండులో విలియం లీష్మన్ కూడా తన పరిశీలనను ప్రకటించాడు. ఇద్దరి పేర్లూ నిలిచేలా దానికి లీష్మానియా డోనవని అని పేరు పెట్టినవాడు సికింద్రాబాదులో మలేరియా గుట్టు విప్పిన రొనాల్డ్ రాస్.

బిహార్‌లో ఈ జబ్బుకు దశాబ్దాల పాటు ఆంటిమొనీ అనే లోహంతో చేసిన సూదిమందే దిక్కుగా ఉండేది. 1990ల నాటికి ముజఫర్‌పూర్ ప్రాంతంలో సగానికి పైగా రోగుల్లో అది పనిచేయకుండా పోయింది. అప్పుడు ఆదుకున్న మూడు మందుల్లో ఒక్కటీ ఈ జబ్బు కోసం పుట్టింది కాదు. మిల్టెఫోసిన్ కేన్సర్ మందు; రొమ్ము కేన్సర్ చర్మానికి పాకినప్పుడు పైపూతగా వాడేవారు. బిహార్ రోగులు దాన్ని 28 రోజుల పాటు నోటితో వేసుకున్నప్పుడు 94 శాతం మందికి నయమైంది; 2002లో ప్రపంచంలో అందరికంటే ముందు మన దేశమే దాన్ని కాలా అజార్‌కు నోటి మందుగా ఆమోదించింది. రెండోది పారోమోమైసిన్ అనే పాత యాంటీబయాటిక్. లాభం రాదని పక్కన పడి ఉన్న ఆ మందును లాభాపేక్ష లేని ఒక అమెరికా సంస్థ బిహార్‌లో పరీక్షించి, హైదరాబాదుకు చెందిన గ్లాండ్ ఫార్మా చేత తయారు చేయించి, 2006లో మన దేశంలో అనుమతి తెచ్చుకుంది. బిహార్ పల్లెల జబ్బుకు హైదరాబాదులో మందు తయారైందన్న సంగతి తెలుగు పత్రికల్లో ఇంకా విరివిగా రావలసింది.

మూడోది ఆంఫోటెరిసిన్. చెన్నైలో ఒక ఆసుపత్రి మందుల విభాగంలో పనిచేసి రిటైరైన నాకు ఈ మందు బాగా పరిచయం. అసలు ఇది ఫంగస్ జబ్బుల మందు. పాత రకం వయల్‌లో పసుపుపచ్చని పొడి ఉంటుంది. ఉప్పు సెలైన్‌లో కలిపితే విరిగిపోతుంది కనుక గ్లూకోజ్ సెలైన్‌లోనే కలపాలి, వెలుతురు తగలకుండా చూడాలి. సీసా ఎక్కుతుండగానే రోగి దుప్పటి కప్పినా ఆగని వణుకుతో అల్లాడిపోతాడు. మూత్రపిండాలు దెబ్బతినకుండా తరచూ రక్తపరీక్షలు చేయిస్తూ ఉండాలి. అదే మందును సన్నని కొవ్వు బుడగల్లో పొదిగి తయారు చేశాక ఈ బాధ బాగా తగ్గింది. నెల రోజుల పాటు రోజు విడిచి రోజు ఎక్కించవలసిన చికిత్స స్థానంలో ఒక్క రోజు ఒక్కసారి ఎక్కిస్తే సరిపోతుందని 2010లో వెలువడిన బిహార్ అధ్యయనం చూపింది. ఆ తర్వాత అదే అక్కడి ప్రధాన చికిత్స అయింది. అయితే ఆ వయల్స్ ధర పేదలకు అందేది కాదు. గిలియడ్ కంపెనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ ద్వారా ఉచితంగా ఇవ్వడం వల్లనే అది పల్లె రోగి దాకా చేరింది. 2021లో బ్లాక్ ఫంగస్ విజృంభించినప్పుడు ఇదే మందు చీటీ పట్టుకుని ఊరంతా తిరిగినవాళ్లను మీ పాఠకులు మరచిపోయి ఉండరు. చేతిలో డబ్బున్నవాళ్లకే దొరకని మందు, దానం మీద ఆధారపడిన రోగికి ఎల్లకాలం దొరుకుతుందని ఏ భరోసాతో అనుకోవాలి?

ఈ భయం ఊహ కాదనడానికి ఆఫ్రికాలోని నిద్రజబ్బు చరిత్రే సాక్ష్యం. సెట్సీ ఈగ వల్ల వచ్చే ఆ జబ్బు మెదడుకు పాకాక అప్పట్లో ఇచ్చిన మెలార్సోప్రాల్, ఆర్సెనిక్ అనే విషం నుంచి తయారైన మందు. దాన్ని తీసుకున్న ప్రతి వందమందిలో సుమారు ఐదుగురు ఆ మందు వల్లనే చనిపోయేవారు. కేన్సర్ కోసం తయారై అక్కడ అంతగా అక్కరకు రాని ఎఫ్లోర్నిథిన్ ఈ జబ్బుకు బాగా పనిచేస్తుందని తేలి 1990లో అమెరికాలో అనుమతి కూడా పొందింది. కొనేవాళ్లు పేదలు కనుక 1990ల మధ్యలో దాని తయారీ ఆగిపోయింది. 2000లో అదే పదార్థం ఆడవాళ్ల ముఖం మీది వెంట్రుకలను తగ్గించే క్రీముగా అమెరికా మార్కెట్లోకి వచ్చింది. ముఖసౌందర్యానికి తయారవుతున్న పదార్థం ప్రాణాలు నిలపడానికి తయారు కాకపోవడమేమిటని వైద్యులు ప్రపంచం ముందు నిలదీశాకే, 2001లో ప్రపంచ ఆరోగ్య సంస్థతో ఒప్పందం కుదిరి సూదిమందు మళ్లీ వచ్చింది. ఇది చదివిన ప్రతిసారీ నాకు కోపం వస్తుంది. మందు పనిచేస్తుందని తెలిసి, తయారు చేయడం తెలిసి కూడా మనుషులను ఆర్సెనిక్‌కు వదిలేసిన ఏళ్లవి.

అదే జబ్బుకు తర్వాత మంచి రోజులూ వచ్చాయి. ఒక జర్మన్ కంపెనీ మధ్యలో వదిలేసిన ఫెక్సినిడజోల్ అనే పాత పదార్థాన్ని డీఎన్‌డీఐ అనే లాభాపేక్ష లేని సంస్థ వెతికి పట్టుకుని పరీక్షలు పూర్తి చేయించింది. 2018 నుంచి నిద్రజబ్బుకు పది రోజుల మాత్రలతో చికిత్స సాధ్యమైంది. 2003లో ఆ సంస్థను నెలకొల్పిన భాగస్వాముల్లో మన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) కూడా ఒకటి. అంటే ఈ దారి మనకు కొత్తది కాదు.

మరి మన కంపెనీలు ఎందుకు పూనుకోవు? పేటెంటు గడువు తీరిన మందును ఎవరైనా తయారు చేసుకోవచ్చు. దానికి కొత్త ఉపయోగం కనుక్కున్నా మన పేటెంటు చట్టంలోని సెక్షన్ 3(డి) ప్రకారం, తెలిసిన పదార్థానికి కొత్త ఉపయోగం కనిపెట్టడం ఒక్కటే పేటెంటుకు అర్హత కాదు. ఆ సెక్షన్ మీద స్విట్జర్లాండ్ మందుల కంపెనీ నోవార్టిస్ వేసిన సవాలును 2007లో మద్రాసు హైకోర్టు కొట్టివేసింది. 2013లో సుప్రీంకోర్టు కూడా గ్లివెక్ అనే కేన్సర్ మందు కేసులో ఆ కంపెనీకి పేటెంటు నిరాకరించింది. ఈ సెక్షన్ వల్లనే పరిశోధన సాగడం లేదని, దాన్ని సడలించాలని కొందరు వాదిస్తున్నారు. నేను ఒప్పుకోను. ఆ సెక్షన్ లేకపోతే చవక మందులు కూడా ఖరీదైపోతాయి, అప్పుడు బాధపడేదీ ఈ పేదలే. అయితే ఒక మాట ఒప్పుకోక తప్పదు: పాత మందును కొత్త జబ్బుకు వాడాలంటే 2019 నాటి కొత్త మందుల నియమావళి దాన్ని కొత్త మందుగానే లెక్కిస్తుంది, మనుషుల మీద పరీక్షలు అడుగుతుంది. అడగడం న్యాయమే. లాభం లేని ఆ ఖర్చు కంపెనీ పెట్టదు గనుక ప్రజల డబ్బుతో ప్రభుత్వమే పెట్టాలి.

పరీక్ష అక్కర్లేదని చెప్పేవాళ్లకు ఐవర్‌మెక్టిన్ ఉదంతం గుర్తుచేయాలి. పశువుల మందుగా వచ్చి, ఆఫ్రికాలో నదీతీరపు అంధత్వాన్ని అరికట్టి, 2015లో నోబెల్ బహుమతికి కారణమైన గొప్ప మందు అది. 2018 నుంచి మన దేశంలో కొన్ని జిల్లాల్లో బోదకాలు నివారణకు డీఈసీ అనే మందుతో, ఆల్బెండజోల్‌తో కలిపి ఇస్తున్నారు. కోవిడ్ సమయంలో ప్రయోగశాలలో అది వైరస్‌ను అణచిందన్న వార్త రాగానే ఇళ్లలో మాత్రలు దాచుకున్నారు. అక్కడ వాడిన గాఢత మామూలు మోతాదుతో మనిషి రక్తంలో చేరేదానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ. పెద్ద పరీక్షలు జరిపినప్పుడు కోవిడ్‌కు ప్రయోజనం కనపడలేదు. మిల్టెఫోసిన్ విషయంలో జరిగిన పొరపాటు ఇంకో రకం. మొదటి ఏళ్లలో అది దుకాణాల్లో విడిగా దొరకడంతో, జ్వరం తగ్గగానే సగంలో ఆపేసినవాళ్లున్నారు. శరీరంలో చాలాకాలం నిలిచే మందు కనుక అర్ధాంతరపు వాడకం పరాన్నజీవికే మేలు చేస్తుంది. పదేళ్లు తిరిగేసరికి జబ్బు తిరగబెట్టేవారి సంఖ్య పెరిగింది. గర్భిణులకు ఇస్తే బిడ్డకు ప్రమాదమని కూడా అమ్మేచోట చెప్పేవాళ్లు ఉండాలి కదా.

ఇక మనకు దగ్గరి సంగతి బోదకాలు. దీని నివారణకు ఇచ్చే డీఈసీ మందు, భీమవరంలో పుట్టి మద్రాసు మెడికల్ కాలేజీలో చదివిన యల్లాప్రగడ సుబ్బారావు గారు పరిశోధనకు నాయకత్వం వహించిన అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల్లో 1947 ప్రాంతంలో వెలువడింది. ఆయన బృందమే రూపొందించిన మెథోట్రెక్సేట్ కేన్సర్ మందుగా మొదలై ఇప్పుడు కీళ్లవాతానికి వారానికోసారి వేసుకునే మాత్రగా ఇంటింటికీ తెలుసు. ధనిక దేశాల్లోనూ ఉన్న కీళ్లవాతానికి పాత మందును పరీక్షించేవాళ్లు దొరికారు. బోదకాలు పురుగు విషయంలో డాక్సీసైక్లిన్ అనే చవక యాంటీబయాటిక్ ఉంది: ఆ పురుగు శరీరంలో వోల్బాకియా అనే బ్యాక్టీరియా లేకపోతే అది సంతానం కనలేదు, క్రమంగా చస్తుంది, డాక్సీసైక్లిన్ ఆ బ్యాక్టీరియాను చంపుతుంది. కానీ నాలుగు నుంచి ఆరు వారాలు వాడాలి, గర్భిణులకు, ఎనిమిదేళ్లలోపు పిల్లలకు ఇవ్వకూడదు. వాచిన కాలు దానివల్ల ఎంతవరకు తగ్గుతుందన్న దాని మీద అధ్యయనాల ఫలితాలు ఒకే తీరుగా లేవు. ఇంకా తక్కువ రోజుల్లో అదే పని చేసే పాత యాంటీబయాటిక్ ఏదైనా ఉందా, ఏ దశలో ఉన్న రోగికి మేలు, ఎవరికి వృథా అన్నవి కోస్తా ఆంధ్రలోను, తమిళనాడులోను పరీక్షించి తేల్చవలసిన ప్రశ్నలు. పుదుచ్చేరిలో ఈ జబ్బు మీద దశాబ్దాలుగా పనిచేస్తున్న ఐసీఎంఆర్ కేంద్రం ఉంది, చెన్నైలో వైద్య కళాశాలలు ఉన్నాయి, హైదరాబాదులో ఏ మందునైనా తయారు చేయగల కర్మాగారాలు ఉన్నాయి. రాత్రి పడుకునే ముందు బరువెక్కిన కాలిని సబ్బుతో కడిగి, వేళ్ల సందులు తుడిచి, కట్టు కట్టుకునే రోగులూ ఉన్నారు.

కాబట్టి ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, తమిళనాడు ఆరోగ్య శాఖలు ఐసీఎంఆర్‌తో కలిసి, పేటెంటు తీరిన మందులను ఇలాంటి జబ్బులకు పరీక్షించడానికి వచ్చే బడ్జెట్లలో విడిగా ఒక పద్దు పెట్టాలని కోరుతున్నాను. పరీక్షల్లో నెగ్గిన మందును కనీసం పదేళ్ల పాటు నిర్ణీత ధరకు కొంటామని తయారీదారులకు ముందే రాతపూర్వకంగా హామీ ఇవ్వాలి. పిల్లలకు, గర్భిణులకు మోతాదు తేల్చే పరీక్షలను చివరికి నెట్టకుండా మొదటి నుంచే ప్రణాళికలో చేర్చాలి. నెగ్గని మందు పేరును కూడా అంతే స్పష్టంగా ప్రజలకు ప్రకటించాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఫార్మసిస్టు,
పెరంబూరు, చెన్నై