మంత్రిగారూ, పిల్లులకీ ఒక గురువారం ఇప్పించండి

రాష్ట్ర వ్యవసాయ, పశుసంవర్ధక, మత్స్యశాఖల మంత్రిగారికి,

నమస్కారమండి. కోనసీమలో కాలవగట్టు పక్కనున్న ఒక ఊరి నుంచి రాస్తున్నాను. విషయం పిల్లులు. మీరు నవ్వినా ఏమీ అనుకోను, మా ఇంట్లోనూ నవ్వారు. "ధాన్యం డబ్బుల గురించి రాసినా ఒక అర్థం ఉంది, పిల్లుల గురించి మంత్రికి రాస్తావా?" అన్నారు మా ఆయన. రాస్తాను మరి, ఎందుకంటే ఎలుకమందు పంచే శాఖ మీదే, పశువుల ఆసుపత్రి మీదే, చేపల శాఖా మీదే. వీధిపిల్లి బతుకంతా ఈ మూడింటి మధ్యే తిరుగుతుంది, అయినా దాని గురించి ఈ మూడు చోట్లా అడిగే నాథుడు లేడు.

అడగాల్సింది ముందే అడిగేస్తాను, మీకు చదివే టైమ్ తక్కువ. డెల్టాలోని ఏరియా పశువైద్యశాలల్లో నెలకి ఒక్క రోజు, గురువారమే అనుకోండి, పిల్లులకి కు.ని. (కుటుంబ నియంత్రణ) ఆపరేషన్లు చేయించండి. ప్రతి ఆసుపత్రిలో రెండు మూడు బోనులు ఉంచి, ఆధార్ జిరాక్సు తీసుకుని అడిగినవాళ్ళకి ఇవ్వండి. ఇంతే నేను అడిగేది. గోశాలలా పిల్లులశాల కట్టమనడం లేదు, దత్తత మేళాలు పెట్టమనడం లేదు.

పిల్లి చూలు రెండు నెలలకి కాస్త పైన, 63 నుంచి 65 రోజులు. ఈతకి మూడు నుంచి ఐదు పిల్లలు మామూలు. పెట్టపిల్లలు నాలుగైదు నెలలకే, ఇంకా తల్లి వెనకాల తిరిగే వయసులోనే, ఎదకొస్తాయి. పాలిస్తున్న తల్లి కూడా మళ్ళీ కట్టేస్తుంది. మనలాంటి వెచ్చటి ప్రాంతంలో వీటికి సీజన్ అంటూ పెద్దగా ఉండదు కాబట్టి, సంక్రాంతికి ఒక పిల్లి కనపడిన వీధిలో దసరాకి ఎన్ని ఉంటాయో మీరే లెక్కేసుకోండి. అన్నీ బతకవు. సగానికి సగం కళ్ళు పుసికట్టి, విరేచనాలు పట్టుకుని, బైకుల కింద పడి, కుక్కల నోట పడి పోతాయి. పుట్టడం, పోవడం రెండూ మా గుమ్మాల ముందే జరుగుతాయి, అది చూడలేకే ఈ ఉత్తరం.

మా వీధి చివర కాయ ఒలిచే చోట కొబ్బరి డొక్కల రాశి ఉంటుంది. లోపల వెచ్చగా ఉంటుంది, వాన దిగదు, కుక్క మూతి దూరదు. ఒక బూడిదరంగు పిల్లి ఎప్పుడూ అందులోనే ఈనుతుంది. డొక్కలు ఎత్తడానికి లారీ వచ్చిందంటే దాని పని మొదలవుతుంది. మెడ మీది తోలు పళ్ళతో పట్టుకుని ఒక్కొక్క పిల్లనీ మోసుకుంటూ రోడ్డు దాటి, మోటారు షెడ్డులో పాత గోనెల మీద పెట్టి, మళ్ళీ వస్తుంది. ఆఖరిదాన్ని కూడా తీసుకుపోయాక ఇంకోసారి వచ్చి, ఖాళీ చోటంతా వాసన చూసి పోతుంది. లెక్క రాదు కదా పాపం. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందంటారు మా అత్తగారు. తిప్పడానికి ఏడిళ్ళు ఎక్కడున్నాయండీ ఇప్పుడు? పెంకుటిళ్ళు పోయి డాబాలొచ్చాయి, అటకలు లేవు, కోత మిషన్లు వచ్చాక గడ్డిమేట్లూ తగ్గిపోయాయి. అందుకే కార్ల బానెట్లలో, వాషింగ్ మిషన్ల వెనకాల ఈనుతున్నాయి.

అక్కడి నుంచి గొడవ మొదలు. పిల్లల్ని గోనెసంచిలో వేసి చేపల మార్కెట్ దగ్గరో, అవతలి గట్టునో దింపేసి వచ్చేవాళ్ళు ఒక రకం. చంపితే పాపం అని చంపరు, వదిలేస్తారు. తల్లి లేకుండా రెండు వారాల పిల్లల్ని వదిలితే వాటికి ఏమవుతుందో అందరికీ తెలుసు, తెలియనట్టు ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటారు. తల్లి పొదుగు కట్టి, రాత్రంతా అరుస్తూ ఇళ్ళ చుట్టూ తిరుగుతుంది. అప్పుడు ఆ అరుపు అపశకునమని దాన్నీ కొడతారు.

జాలిపడేవాళ్ళు రెండో రకం. నిజం చెప్పాలంటే వీళ్ళ చేతుల్లో పోయేవీ తక్కువ కాదు. తల్లి వేటకో మార్కెట్‌కో పోయిన టైములో పిల్లలు అరిస్తే, అనాథలనుకుని ఇంటికి తెచ్చేస్తారు. కాసేపు దూరంగా నిలబడి చూస్తే తల్లి వస్తుంది, మనిషి పక్కనుంటే అది దగ్గరికి రాదు. తెచ్చాక గేదెపాలు దూదితో నోట్లో పిండుతారు. అవి అరగక విరేచనాలు పట్టుకుంటాయి. పైగా మొదటి మూడు వారాలు పిల్లకూనకి ఒంట్లో వేడి నిలుపుకునే శక్తి ఉండదు. ఒళ్ళు చల్లబడ్డ పిల్లకి ముందు వేడినీళ్ళ సీసాకి గుడ్డ చుట్టి పక్కన పెట్టి వెచ్చబెట్టాలి, ఆ తర్వాతే పాలు, అవీ పిల్లికూనల కోసం అమ్మే పాలపొడి కలిపినవి. వెల్లకిలా పడుకోబెట్టి పట్టకూడదు, బోర్లా ఉంచి పట్టాలి, లేకపోతే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఇంకోటి, ఒళ్ళు వెచ్చగా ఉందని ఇంట్లో ఉన్న పారాసిటమాల్ బిళ్ళ ముక్క వేస్తారు చూడండి, పిల్లికి అది విషం. ఈ నాలుగు ముక్కలు కాగితం మీద అచ్చేసి రైతు సేవా కేంద్రం గోడకి అంటిస్తే మీ శాఖకి అయ్యే ఖర్చెంత?

ఇక ఎలుకమందు సంగతి. డెల్టాలో వరి రైతుకి ఎలుక ఎంత నష్టం చేస్తుందో మీకు నేను చెప్పక్కర్లేదు, మాకూ రెండెకరాలు ఉంది. సామూహిక ఎలుకల నివారణ అని పెట్టి బ్రోమోడయోలోన్ పంచడం తప్పని నేననను. పొలంలో ఎలుకల్ని పిల్లులు ఆపేస్తాయని కూడా అనను, అది జరిగే పని కాదు. కానీ ఆ మందు తిన్న ఎలుక వెంటనే చావదు కదా. రక్తం గడ్డకట్టకుండా చేసే మందు అది, పని చేయడానికి కొన్ని రోజులు పడుతుంది. ఈలోపు నీరసంగా తూలుతూ గట్టు మీదికి, ఇళ్ళ దగ్గరికి వస్తుంది. అలాంటి ఎలుక పిల్లికి సులువుగా దొరుకుతుంది. తర్వాత పిల్లి చిగుళ్ళ నుంచి రక్తం, ముక్కు నుంచి రక్తం, ఓ మూల ముడుచుకుని కూర్చోవడం. దీనికి విరుగుడు ఉంది, విటమిన్ కె1. టైముకి పడితే బతుకుతాయి. మందు పంచే వారంలో పశువుల ఆసుపత్రిలో ఆ ఇంజెక్షన్లు ఉంచమనండి. "చచ్చిన ఎలుకల్ని పాతిపెట్టండి, కుక్కల్నీ పిల్లుల్నీ ఇళ్ళ దగ్గరే ఉంచండి" అని మైకులో చెప్పించండి. శాఖలు రెండైనా మంత్రి ఒకరే కాబట్టి ఫైలు అటూ ఇటూ తిరగాల్సిన పని కూడా లేదు.

ఆపరేషన్ కోసం మేం ప్రయత్నించలేదనుకోకండి. ఆ బూడిద పిల్లిని బుట్టలో పెట్టి, పైన చీర కట్టి, ఆటోలో పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళాం. "పిల్లికా? కుక్కలకే చేయడం లేదమ్మా ఇక్కడ, గేదె ఏమైనా ఉంటే చెప్పండి" అన్నారు. డాక్టర్ గారిని తప్పు పట్టను, ఆయన ఒక్కరే, బయట చూడిగేదెలు, గొర్రెలు, పందెం కోడితో వచ్చిన ఒకాయన, అందరూ క్యూలో ఉన్నారు. 1962కి ఫోన్ చేసి పశువుల అంబులెన్సు బండి పిలిపించుకోవచ్చు గానీ దాంతో ఆపరేషన్ అవ్వదు. ప్రైవేటులో చేయిద్దామంటే పట్నం పోవాలి, ఖర్చు వేలల్లో. వీధిపిల్లి కోసం కూలికెళ్ళే మనిషి వేలు ఎక్కడ తెస్తాడు?

కుక్కల గురించి మాట్లాడే నోళ్ళు చాలా ఉన్నాయి. 2023 మార్చిలో కేంద్రం జంతు జనన నియంత్రణ నియమాలు కొత్తగా తెచ్చింది, 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు వీధికుక్కల మీద ఉత్తర్వులిచ్చాక టీవీలన్నీ అవే. మంచిదే. పిల్లి కరవడం తక్కువ, అరిచినా రాత్రిపూట అరుస్తుంది, కాబట్టి వార్త కాలేదు. అయితే రేబిస్ పిల్లికీ వస్తుంది, దాని నుంచి మనిషికీ వస్తుంది. పిల్లి కరిచినా రక్తం వచ్చేలా గీరినా సబ్బుతో 15 నిమిషాలు కడిగి, పీహెచ్‌సీకి పోయి టీకా వేయించుకోవాలని మా దగ్గర చాలామందికి తెలియదు, పసుపు అద్ది ఊరుకుంటారు. ఏటా జూలై 6న జూనోసిస్ దినమని, అంటే జంతువుల నుంచి మనుషులకి సోకే జబ్బుల దినమని, పశువుల ఆసుపత్రుల్లో ఉచితంగా టీకాలు వేస్తారు కదా, ఆ బ్యానర్ మీద కుక్క పక్కన పిల్లి బొమ్మ కూడా వేయించండి, జనం తెస్తారు. ఆపరేషన్ రోజే మత్తులో ఉండగా టీకా కూడా వేసేస్తే ఇంకా సులువు.

ఇది కొత్త సంగతేం కాదు. ముంబై కార్పొరేషన్ 2019లోనే వీధిపిల్లులకి ఆపరేషన్లు మొదలుపెట్టింది. మనకి గన్నవరంలో పశువైద్య కళాశాల ఉంది, హౌస్ సర్జన్లు ఉంటారు. నెలకి ఒక రోజు వాళ్ళని బస్సెక్కించి అమలాపురమో రాజోలో భీమవరమో పంపితే వాళ్ళకి చేయి తిరుగుతుంది, మాకు పని జరుగుతుంది.

"పట్టుకెళ్ళి ఎక్కడైనా వదిలేస్తే పోలా?" అని మీ ఆఫీసులో ఎవరో ఒకరు అంటారు, అందుకే దానికీ ఇక్కడే జవాబు రాస్తున్నాను. మార్కెట్లో చేప పొట్టలు, రొయ్య తలకాయలు పారేస్తున్నంత కాలం, ఇవి పోతే పక్క వీధివి వస్తాయి. ఆపరేషన్ చేసి ఎడమ చెవి కొస కాస్త కత్తిరించి, పట్టిన చోటే వదిలితే, ఆ పిల్లి తన జాగాలో తాను ఉంటుంది, పిల్లలు పెట్టదు. చెవి చూస్తే అయిపోయిన పిల్లి అని తెలిసిపోతుంది, మళ్ళీ పట్టి కోసే పొరపాటు జరగదు. పాలు తాగే పిల్లలుంటే, అవి అన్నం తినేదాకా తల్లికి ఆపరేషన్ ఆపొచ్చు.

పిల్లులకి తిండి పెట్టేవాళ్ళకి కూడా ఒక మాట. ఆపరేషన్ చేయించకుండా రోజూ పెరుగన్నం పెడితే పిల్లులు పెరుగుతాయి, ఇరుగుపొరుగుతో తగువూ పెరుగుతుంది. మా ఎదురింటి పిన్నిగారు, రోజూ చేపలు కోసి ముక్కలు పంచే మనిషి, ఈ మాట అన్నందుకు నాతో కొన్నాళ్ళు మాట్లాడలేదు. ఇప్పుడు ఆవిడే అడుగుతోంది బోను ఎక్కడ దొరుకుతుందని. పెట్టే చేతికే పిల్లి చిక్కుతుంది. కాబట్టి మీరు రోజు చెబితే పట్టి తెచ్చేది ఈ పెట్టేవాళ్ళే, మీ సిబ్బంది వలలు పట్టుకుని తిరగక్కర్లేదు.

వరదల సంగతి కూడా రాసేస్తాను. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చినప్పుడు లంకల్లో పశువుల్ని గట్లెక్కించి మీ శాఖవాళ్ళు దాణా పంచారు. పిల్లుల కోసం పడవ వేయమని ఎవరూ అడగరు గానీ, బుట్టలో పిల్లిని పెట్టుకుని పడవెక్కిన ముసలావిడని దింపేయొద్దని మాత్రం ముందే చెప్పి ఉంచండి.

గురువారం కుదరకపోతే ఏ రోజైనా సరేనండి. రెండు బోనులు మా మండలానికి పంపిస్తే మొదటి పిల్లిని మా వీధి నుంచే తెస్తాం. ముందు రాత్రి నుంచి తిండి పెట్టకుండా ఉంచడం, బోను మీద గుడ్డ కప్పి ఆటోలో తేవడం, ఆపరేషన్ తర్వాత ఒకట్రెండు రోజులు మోటారు షెడ్డులో ఉంచి చూసుకోవడం మా పూచీ. డాక్టరు, మత్తుమందు, కుట్టే దారం మీవి.

ఇట్లు,
కోనసీమ నుంచి, పిల్లులకి అన్నం పెట్టే ఒక ఇంటావిడ