ఆలస్యమైన విమానంతో మొదలు కావలసిన చదువు

సంపాదకుల వారికి,

విమానయాన రంగంలో ఉద్యోగావకాశాల గురించి ఇటీవల మీ విద్యా పుటలో వచ్చిన వ్యాసం చదివాను. ఆ రంగంలోకి రావాలనుకునే యువతకు అలాంటి సమాచారం అవసరమే. అయితే ఆ వ్యాసం పేర్కొన్న పాఠ్యాంశాలూ, పదవీ విరమణ తరువాత నేను చూసిన కొన్ని శిక్షణ సంస్థల పాఠ్యప్రణాళికలూ ఒకే తీరున ఉన్నాయి: మాటతీరు, వేషధారణ, టికెట్ల బుకింగు, విమానాశ్రయాల మూడక్షరాల కోడ్‌లు. ఇవి పనికిరానివని నేను అనను. కానీ విమానయాన సంస్థలూ విమానాశ్రయాలూ రోజువారీగా ఎలా నడుస్తాయో తెలుసుకోవాలని వచ్చినవారిని ఇవి గుమ్మం దాకా తీసుకువెళ్లి అక్కడే నిలబెడతాయి. విమానాల రాకపోకల నిర్వహణ విభాగంలో ఇరవై రెండేళ్లు పనిచేసినవాడిగా నాకు సరైనదని తోచిన మార్గం ఒకటుంది. ఈ చదువు ఆలస్యమైన విమానంతో మొదలు కావాలి.

బయలుదేరవలసిన వేళ దాటిన ప్రతి విమానానికీ కారణాన్ని నమోదు చేయడం ఈ వృత్తిలో తప్పనిసరి. 1945లో ఏర్పడిన అంతర్జాతీయ విమాన రవాణా సంఘం, అంటే ఐయాటా, రూపొందించిన రెండంకెల పట్టిక ఇందుకు చాలాకాలంగా వాడుకలో ఉంది. అందులో 32 అంటే సామాను ఎక్కించడంలో లేదా దించడంలో జాప్యం, 41 అంటే విమానంలో సాంకేతిక లోపం, 93 అంటే ఆ విమానమే ముందరి ప్రయాణం నుంచి ఆలస్యంగా చేరుకోవడం. విద్యార్థికి అన్నిటికన్నా ఎక్కువ నేర్పగలిగినది ఈ 93. దాన్ని రాసి సంతకం పెడితే కారణం దొరికినట్టే కనిపిస్తుంది గానీ, నిజానికి అసలు కారణం అంతకు ముందరి ప్రయాణంలోనో, దానికీ ముందరి దానిలోనో దాగి ఉంటుంది.

ఉద్యోగంలో చేరిన తొలి ఏడాది, సాయంత్రపు విమానం ఒకటి దాదాపు గంట ఆలస్యమైతే 93 అని రాసి పంపాను. మా పై అధికారి ఆ కాగితం తిరిగి నా చేతికిచ్చి, ఆ విమానం ఉదయం నుంచి ఎక్కడెక్కడ తిరిగిందో చూసి రమ్మన్నారు. వెనక్కి లెక్కగట్టుకుంటూ పోతే, తెల్లవారుజామున మొదటి ప్రయాణంలో ఒక ప్రయాణికుడు సామాను అప్పగించి విమానం ఎక్కలేదని తేలింది. మనిషి లేకుండా అతని సామాను వెళ్లకూడదన్నది భద్రతా నియమం కనుక, దాన్ని వెతికి దించడానికి పన్నెండు నిమిషాలు పట్టింది. ఆలోగా రన్‌వే మీదికి వెళ్లే వరుసలో ఆ విమానం వంతు దాటిపోయింది. ఆలస్యంగా చేరిన చోట దానికి కేటాయించిన బే, అంటే విమానం నిలిపే చోటు, వేరే విమానానికి ఇచ్చేశారు. మధ్యాహ్నానికల్లా సిబ్బంది పనివేళల పరిమితి అడ్డువచ్చింది. పైలట్లు ఒక రోజులో ఎంతసేపు విధుల్లో ఉండవచ్చన్నది వారు ఏ వేళకు హాజరయ్యారు, ఎన్ని సెక్టార్లు (ఒక విమానాశ్రయం నుంచి మరొకదానికి ఒక్కో ప్రయాణం) నడుపుతున్నారు అన్నవాటిని బట్టి మారుతుంది. ఆ గీత దాటే పరిస్థితి వస్తే కొత్త సిబ్బంది వచ్చేదాకా విమానం ఆగవలసిందే. పన్నెండు నిమిషాలు గంటగా పెరిగిన ఆ లెక్కలో సామాను, భద్రత, రన్‌వే, బే, డ్యూటీ నియమాలు అన్నీ ఒకదానికొకటి ఎలా ముడిపడి ఉన్నాయో నాకు ఆ రోజే అర్థమైంది. అంతకు ముందు చదివిన ఏ పాఠంలోనూ అది కనిపించలేదు.

విమానాశ్రయ ఆర్థిక వ్యవహారాన్ని కూడా ఇక్కడి నుంచే నేర్పవచ్చు. గాలిలో ఉన్నంతసేపే విమానం సంపాదిస్తుంది గనుక, ఒక్కోసారి అరగంటలోపే దించి, శుభ్రం చేసి, ఇంధనం నింపి తిరిగి పంపాలని సంస్థ ఆరాటపడుతుంది. విమానాశ్రయానికి ల్యాండింగ్ రుసుములు, ప్రయాణికుల రుసుములు ఒకవైపు ఉంటే, దుకాణాల అద్దెలూ వాహనాల పార్కింగూ మరొకవైపు ఉంటాయి. ప్రయాణికుడు టెర్మినల్‌లో తీరిగ్గా గడిపితే విమానాశ్రయానికి లాభం. ఒకరిమీద ఒకరు ఆధారపడి బతికే సంస్థ, విమానాశ్రయం ఈ ఇద్దరి ప్రయోజనాలు అన్నివేళలా కలవవని తెలియకుండా నిర్వహణ నేర్చుకోవడం అసాధ్యం. రద్దీ విమానాశ్రయాల్లో స్లాట్ల, అంటే విమానం దిగడానికో బయలుదేరడానికో కేటాయించిన వేళల, సంగతీ ఇంతే: ఒక సీజన్‌కు కేటాయించిన స్లాట్ల వరుసలో కనీసం 80 శాతం వాడుకుంటేనే మరుసటి ఏడాది అదే సీజన్‌లో ఆ స్లాట్‌పై హక్కు నిలుస్తుంది. సీట్లు నిండకపోయినా కొన్ని విమానాలు ఎందుకు నడుస్తాయో ఈ ఒక్క నియమం తెలిస్తే చాలావరకు బోధపడుతుంది.

పనిని చేతుల మీదుగా తెలుసుకోకపోతే ఎంత పెద్ద సంస్థయినా ఎలా తడబడుతుందో చెప్పే ఉదంతాలు బహిరంగంగానే ఉన్నాయి. లండన్ హీత్రూ అయిదో టెర్మినల్ 2008 మార్చి 27న మొదలైనప్పుడు కొత్త సామాను వ్యవస్థకు సిబ్బంది తగినంతగా అలవాటు పడలేదు; వందలాది విమానాలు రద్దయ్యాయి, వేలాది సంచులు గుట్టలుపడ్డాయి. 2022 డిసెంబరులో అమెరికాలో మంచు తుఫాను వచ్చినప్పుడు సౌత్‌వెస్ట్ సంస్థ 16,000కు పైగా విమానాలను రద్దు చేసుకుంది. మిగతా సంస్థలు త్వరగానే తేరుకోగా దానికి అన్ని రోజులు పట్టడానికి ముఖ్యమైన కారణం, ఏ సిబ్బంది ఎక్కడున్నారో చూసి తిరిగి సర్దవలసిన వ్యవస్థ ఆ మార్పుల వేగాన్ని అందుకోలేకపోవడం. తుఫాను ఎవరి చేతిలోనూ లేదు. సిబ్బందిని సర్దుకునే ఏర్పాటు మాత్రం నిర్వాహకుల చేతిలో ఉన్నదే.

శిక్షణ సంస్థలు చేయవలసింది కష్టమైన పనేమీ కాదు. ఒక విమానం ఒక రోజంతా తిరిగిన వివరాలను పేర్లు తొలగించి విద్యార్థుల ముందు పెట్టి, సాయంత్రపు ఆలస్యానికి ఉదయపు కారణం కనుక్కోమనాలి. బరువు, సమతౌల్యం చూపే లోడ్‌షీట్‌ను వారి చేత రాయించాలి. ఇద్దరు విద్యార్థులను సంస్థ పక్షానా, మరో ఇద్దరిని విమానాశ్రయం పక్షానా కూర్చోబెట్టి రుసుములపై వాదింపజేయాలి. ఈ రంగంలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవారు ఎందరో ఉన్నారు. పిలిస్తే వచ్చి చెప్పడానికి నాలాంటివారు సిద్ధం. మీ విద్యా పుట ఈ విషయాన్ని మరోసారి చేపట్టినప్పుడు, ఏ కోర్సుకు ఎంత ఫీజు అన్నదానితో పాటు, అందులో రాకపోకల నిర్వహణ ఎన్ని గంటలు నేర్పుతారో కూడా ఆయా సంస్థలను అడిగి ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
విమాన రాకపోకల నిర్వహణ విభాగపు విశ్రాంత ఉద్యోగి