ఓడను ఎదురు దారిలో నడిపి, ఊళ్లన్నీ చూపించాం అంటే ఎలా?

కస్టమర్ రిలేషన్స్ విభాగాధిపతి గారికి,
హైదరాబాద్ కార్యాలయం.

విషయం: 2025 అక్టోబరు, నవంబరు నెలల్లో జరిగిన జపాన్ తీర పట్టణాల శరదృతు క్రూయిజ్, డబ్బు మొత్తం కట్టించుకున్నాక యాత్రామార్గాన్ని తలకిందులు చేయడం గురించి.

అయ్యా/అమ్మా,

నా ఈమెయిల్‌కు మీ కార్యాలయం పంపిన జవాబు అందింది. అందులో విషయం ఉన్న వాక్యం ఒక్కటే: బ్రోషర్‌లో పేర్కొన్న రేవులన్నిటికీ ఓడ వెళ్లింది కనుక పరిహారం ప్రశ్నే తలెత్తదు అని. మిగతాదంతా నన్ను మళ్లీ మీ అతిథిగా చూడాలనే మీ ఆకాంక్ష. ఆ ఆకాంక్షను కాస్త పక్కన పెట్టి, ఈ ఉత్తరం చివరిదాకా చదవమని మనవి.

రేవులన్నిటికీ వెళ్లిన మాట నిజమే. ఒక్కటి కూడా తప్పలేదు. నా ఫిర్యాదు అది కాదు. ఏ వరుసలో వెళ్తామని చెప్పి డబ్బు తీసుకున్నారో దానికి సరిగ్గా ఎదురు వరుసలో వెళ్లారు. ఈ యాత్రలో ఆ వరుసే అసలు సరుకు.

నేను డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ని. జపాన్‌లో ఆకులు ఎర్రబారడం చూడాలన్నది నా పాత కోరిక. చలి ముదిరేకొద్దీ ఆకులో పత్రహరితం విరిగిపోతుంది, అప్పటిదాకా దాని చాటున ఉన్న పసుపు బయటపడుతుంది. మేపుల్ లాంటి చెట్లలో ఆకులో మిగిలిన చక్కెరల నుంచి ఆంథోసయనిన్లు తయారై ఎరుపు వస్తుంది. పగలు ఎండ, రాత్రి చలి రెండూ ఉంటేనే ఆ రంగు బాగా పండుతుంది. అందుకే జపాన్‌లో ఈ ఎరుపు ఉత్తరాన హొక్కైడో కొండల్లో సెప్టెంబరులోనే మొదలై, అక్కడి నుంచి మెల్లగా దక్షిణానికి దిగుతుంది. క్యోటోకు వచ్చేసరికి నవంబరు మూడో వారం దాటుతుంది. వసంతంలో చెర్రీ పూత దీనికి పూర్తిగా వ్యతిరేకం, దక్షిణం నుంచి ఉత్తరానికి ఎక్కుతుంది. ఆ దేశంలో టీవీ వాతావరణ వార్తల్లో పూత ఎక్కడిదాకా ఎక్కిందో, ఎరుపు ఎక్కడిదాకా దిగిందో మ్యాపు వేసి మరీ చూపిస్తారు.

మీ బ్రోషర్ రాసినవారికి ఈ సంగతి బాగా తెలుసు. 'ఎరుపు వెంట దక్షిణానికి' అన్నది మీరు పెట్టిన శీర్షికే. యోకొహామాలో బయల్దేరి ముందు హొక్కైడోలోని ఒతారు, హకొదాతె; తర్వాత అవొమొరి, అకిత; నవంబరు రెండో వారంలో కనజావా, సకైమినాటో; దక్షిణ కొరియాలోని బూసాన్ మీదుగా నాగసాకి, కగోషిమా; చివర్లో కోబెలో ఆగి క్యోటో. ఎవరో కాలం చూసి కూర్చిన దారి అది. రూ. 14,20,000 కట్టింది ఆ దారి చూసి.

సెప్టెంబరు 29న మీ నుంచి మెయిల్ వచ్చింది. బెర్తుల (రేవుల్లో ఓడ నిలిపే చోట్ల) లభ్యత కారణంగా 'రేవుల క్రమంలో స్వల్ప సవరణ' అని. జతపరిచిన పట్టిక తెరిచి చూస్తే మొదట కోబె, చివర ఒతారు! స్వల్ప సవరణంటే ఒక రేవు ఒక రోజు అటో ఇటో అవుతుందనుకుంటాం. మీరు మొత్తం దారిని తిరగేశారు. అంటే చెర్రీ పూత కోసం వసంతంలో నడపాల్సిన దారిలో శరత్తులో ఓడ నడిపారు. అప్పటికి రద్దు చేసుకుంటే పైసా కూడా తిరిగి రాని గడువులో ఉన్నాం. ఫోన్ చేస్తే మీ ప్రతినిధి, "ఏముంది సార్, అవే ఊళ్లు కదా" అన్నారు. సంక్రాంతి ముగ్గులూ గొబ్బెమ్మలూ చూపిస్తామని డబ్బు కట్టించుకుని, మే నెలలో కోనసీమ తిప్పి, అవే ఊళ్లు కదా అంటే మీరు ఊరుకుంటారా?

ఏం జరిగిందో చెప్తాను. అక్టోబరు మధ్యలో కోబెలో దిగి, మీ దగ్గరే కొన్న టూర్‌లో క్యోటో వెళ్లాం. తోఫుకుజి ఆలయం మేపుల్ చెట్లకు పెట్టింది పేరు. లోయ మీద కట్టిన చెక్క వంతెన మీద నిలబడి కిందికి చూస్తే నవంబరు చివర్లో ఎర్రటి సముద్రం కనిపిస్తుందంటారు. మాకు కనిపించింది పచ్చటి సముద్రం. బాగుంది, కాదనను. కానీ మీ టూర్ పేరు 'ఎర్ర మేపుల్ క్యోటో'. ఆ పేరు టికెట్ మీద అలాగే ఉంది, ఎవరూ మార్చలేదు. గైడు పాపం మంచి మనిషి. ఇంకో నెల ఆగి రావాల్సిందండీ అంది.

ఆ రోజు భోజనం సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. మా ఆవిడ శాకాహారి. బుకింగ్‌లో రాశాం, ఓడ ఎక్కాక డెస్కులో మళ్లీ చెప్పాం. క్యోటోలో ఆమె ముందు పెట్టిన గిన్నెలో వేడి టోఫు, దాని మీద గులాబీ రంగులో పల్చటి పొరలు, ఆవిరికి అటూ ఇటూ కదులుతున్నాయి. ఏదో పువ్వు రేకులనుకుంది. అవి ఎండబెట్టిన బొనిటో చేపను చిత్రిక పట్టిన పొరలు. పక్కనున్న మిసో సూప్ కూడా ఆ చేప రసంతో కాచిందే. గైడు చేతిలో ఉన్న జాబితా చూపించమంటే చూపించింది: మా పేర్ల ఎదురుగా గడి ఖాళీ. ఇది ఏ మారుమూల పల్లెలోనో జరిగితే సర్దుకునేవాళ్లం. బౌద్ధ సన్యాసుల శాకాహార వంట, షోజిన్ ర్యోరి, ఆలయాల్లో వందల ఏళ్లుగా సాగుతున్న నగరం అది. సముద్రపు నాచు, ఎండు పుట్టగొడుగులతో రసం కాచే వంట అది. ఒక్క ఫోన్‌తో అయ్యే పని. ఆ పూట ఆవిడ రెండు అరటిపళ్లతో సరిపెట్టుకుంది.

కగోషిమాలో చెమటలు పట్టాయి. సకురాజిమా అగ్నిపర్వతం పొగ కక్కుతూ దర్శనమిచ్చింది, దానికి ఋతువుతో పని లేదు కాబట్టి. నాగసాకి గురించి నాకు ఫిర్యాదేమీ లేదు. శాంతివనం చూడడానికి మంచి కాలం, చెడ్డ కాలం అని ఉండవు. రేవు నుంచి ఊళ్లోకి నడిచే వెళ్లొచ్చు.

బూసాన్‌ను 'మా తరఫున బోనస్ దేశం' అని రాశారు. విదేశీ జెండా కట్టిన ఓడ జపాన్ రేవుల మధ్యే ప్రయాణికులను తిప్పడానికి అక్కడి చట్టం ఒప్పుకోదు కాబట్టి ఏదో ఒక విదేశీ రేవు తాకక మీకు తప్పదు. మీ అవసరాన్ని మాకు కానుకగా చుట్టి ఇవ్వకండి.

అక్కడి నుంచి సకైమినాటో. బ్రోషర్‌లో 'రేవులోనే తాజా మంచు పీతల విందు' అని సగం పేజీ బొమ్మ. మంచు పీత అంటే ఐసులో పెట్టిన పీత కాదు, స్నో క్రాబ్ అనే జాతి. జపాన్ సముద్రంలో ఆ ప్రాంతంలో ఈ పీతల వేట నవంబరు 6న మొదలవుతుంది, అంతకు ముందు పట్టకూడదు. పాత పట్టిక ప్రకారం వెళ్లి ఉంటే వేట మొదలైన వారానికి అక్కడ ఉండేవాళ్లం. అక్టోబరులో వెళ్తే ఏముంటుంది? ఫ్రోజెన్ పీత. కాకినాడవాడికి ఐసులో పెట్టిన పీత తెలియదనుకున్నారా? వడ్డించిన కుర్రాడిని అడిగితే సిగ్గుపడుతూ నిజమే చెప్పాడు.

కనజావాలో అక్టోబరు చివర. కెన్రోకుఎన్ తోటలో పైన్ చెట్లకు మంచు బరువు తగలకుండా నడిమధ్య పొడవాటి గడ పాతి, దాని కొస నుంచి కొమ్మ కొమ్మకీ తాళ్లు లాగి కడతారు. గొడుగు ఊచల్లా చెట్టు చుట్టూ తాళ్లు దిగుతాయి. అక్కడ పడే మంచు తడిగా, బరువుగా ఉంటుంది, కట్టకపోతే కొమ్మలు విరుగుతాయి. చెట్ల మనిషిని కదా, నాకు అన్నిటికంటే అది చూడాలని ఉండింది. ఏటా నవంబరు 1న ఆ పని మొదలుపెడతారు. మేం వెళ్లేసరికి తాళ్లు లేవు, ఎరుపూ లేదు. తోట బాగుంది. మీరు అమ్మిన తోట మాత్రం అది కాదు.

ఉత్తరాన ఇంకో కథ. అకితలో రేవు మీదికి ఊరివాళ్లే వచ్చారు. వరసలుగా కాగితపు లాంతర్లు వేలాడే పెద్ద వెదురు గడను ఒకతను అరచేతి మీద నిలిపాడు, తర్వాత నుదుటి మీద, తర్వాత నడుం మీద. అసలు పండగ ఆగస్టులో అయిపోయినా ఓడలో వచ్చినవాళ్ల కోసం చలిగాలిలో నిలబడి ఆడారు. ఓడ కదిలేటప్పుడు బళ్లో పిల్లలు బ్యాండు వాయించారు. ఆ ఊళ్లవాళ్లు ఇస్తామన్నదానికంటే ఎక్కువే ఇచ్చారు. మీ సంస్థకూ వాళ్లకూ మధ్య తేడా ఆ రోజు బాగా తెలిసింది.

హకొదాతె చేరేసరికి నవంబరు రెండో వారం. ఒనుమా సరస్సు దగ్గర ఎరుపు అక్టోబరు మధ్య నుంచి ఆఖరి వారం లోపు ఉంటుంది. పాత పట్టికలో మేం అక్కడ ఉండాల్సింది అప్పుడే. మేం చూసింది మోడులు, నీళ్లలో కుళ్లుతున్న ఆకులు. ఆ టూర్‌కు మనిషికి ఇంత అని వేరుగా వసూలు చేశారు. బస్సు ఆగిన చోట మా వెంట వచ్చిన ఆస్ట్రేలియా పెద్దాయన బ్రోషర్ తీసి, సరస్సు వైపూ బొమ్మ వైపూ మార్చి మార్చి చూసి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఒతారులో తడి మంచు కురిసింది. మా బట్టలు అక్టోబరు హొక్కైడో కోసం ముందే కొనుక్కున్నవి.

ఇక మీ 'బెర్తుల లభ్యత'. తుఫాను వల్ల మార్చారంటే నేను నోరెత్తేవాణ్ని కాదు. 1996 నవంబరు తుఫాను చూసిన జిల్లా మాది, గాలి వాన అంటే ఏమిటో మాకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఈ మార్పు వాతావరణం వల్ల రాలేదు, ఉన్నట్టుండి కూడా రాలేదు. ఓడ ఎక్కగానే గదిలో పెట్టిన టూర్ల పుస్తకం నా దగ్గర భద్రంగా ఉంది. అందులో టూర్లన్నీ కొత్త వరుసలోనే అచ్చయ్యాయి, కోబెతో మొదలై ఒతారుతో ముగుస్తాయి. చివరి పేజీ కింది అంచున, కళ్లజోడు సర్దుకుంటే గాని కనిపించని అక్షరాల్లో, ముద్రణ: ఆగస్టు 2025 అని ఉంది. అంటే ఆగస్టులో మీకు తెలుసు. డబ్బు వెనక్కి వచ్చే గడువు సెప్టెంబరు మధ్యదాకా ఉంది. మాకు చెప్పింది సెప్టెంబరు 29న. ఈ మూడు తేదీల గురించి మీ జవాబులో ఒక్క మాట లేదు.

చిన్నదే అయినా ఇదీ రాయాలి. బ్రోషర్‌లో యోకొహామా అంటే ఓసాన్‌బాషి, ఊరి నడిబొడ్డున చెక్కబల్లల పైకప్పుతో ఉండే అందమైన టెర్మినల్. ఎక్కించిందీ దింపిందీ మాత్రం దైకొకు రేవులో, కంటైనర్ల పక్కన. నడిచి బయటికి వెళ్లే వీలు లేదు, షటిల్ బస్సు కోసం లగేజీతో బారులు. కారణం అడిగితే ఓసాన్‌బాషికి వెళ్లే దారిలో ఉన్న బే బ్రిడ్జి కింద ఓడ ఎత్తు పట్టదన్నారు. ఆ వంతెన 1989లో తెరిచారు. మీ ఓడ ఆ తర్వాత కట్టిందే. బ్రోషర్ అచ్చువేసే రోజున వంతెన ఎత్తూ తెలుసు, ఓడ ఎత్తూ తెలుసు.

గదిలో పనిచేసిన అబ్బాయి, భోజనశాల సిబ్బంది మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. క్యోటో తర్వాత మా ఆవిడకు రోజూ పప్పు, కూర విడిగా చేయించింది వాళ్లే. వాళ్ల సర్వీసు రికార్డులో ఈ మాట రాయించండి.

నేను అడుగుతున్నది ఇది. టికెట్ ధరలో 40 శాతం వెనక్కి ఇవ్వాలి. క్యోటో, ఒనుమా టూర్లకూ పీతల విందుకూ తీసుకున్నది పూర్తిగా ఇవ్వాలి. మార్గం మార్చాలని ఏ తేదీన నిర్ణయించారో, ఆ సంగతి మీ భారత కార్యాలయానికి ఎప్పుడు తెలిసిందో లిఖితపూర్వకంగా చెప్పాలి. అన్నట్టు, ప్యాకేజీ మీద నా దగ్గర పట్టుకున్న టీసీఎస్ (ముందే వసూలు చేసే ఆదాయపు పన్ను) ఇప్పటికీ నా పన్ను జమల పట్టిక 26ఏఎస్‌లో కనిపించడం లేదు. ఆ పన్నుకు మీరు ఇవ్వాల్సిన ధ్రువపత్రం, ఫారం 27డీ కూడా రాలేదు. అది నేను అడుక్కోవాల్సినది కాదు, చట్టప్రకారం మీరు ఇవ్వాల్సినది. దాన్ని పరిహారంతో ముడిపెట్టకుండా వెంటనే పంపండి.

'స్వల్ప సవరణ' అనే మాటను మీ షరతుల్లోని 14వ పేజీ కాపాడుతుందని మీ ప్రతినిధి అన్నారు. ఓడ భద్రత కోసం దారి మార్చే హక్కు మీకు ఉండాల్సిందే, దానికి నేనూ ఒప్పుకుంటాను. తెలిసిన మార్పును గడువు దాటేదాకా దాచే హక్కు ఏ పేజీలోనూ లేదు. ఆకులు ఎర్రగా లేని కాలంలో 'ఎర్ర మేపుల్' టికెట్ అమ్మడాన్ని 2019 వినియోగదారుల రక్షణ చట్టం తప్పుదోవ పట్టించే ప్రకటన అంటుంది. ఆ చట్టం ప్రకారం నేను ఉన్న ఊళ్లోనే జిల్లా కమిషన్‌లో కేసు వేయవచ్చు. 50 లక్షల లోపు చెల్లింపుల వ్యవహారం కాబట్టి నాది అక్కడికే వస్తుంది, హైదరాబాద్ రావాల్సిన పని కూడా లేదు. రిటైరైనవాణ్ని, తీరికకు కొదవ లేదు.

ఈ ఉత్తరం అందిన 30 రోజుల్లో పై విషయాలపై తేదీలతో సహా జవాబు ఇవ్వండి. ముందు పంపిన వాక్యమే మళ్లీ పంపేటట్టయితే శ్రమపడకండి, నేరుగా కమిషన్‌లో కలుద్దాం.

జతపరిచినవి: పాత, కొత్త పట్టికలు, సెప్టెంబరు 29 మెయిల్, టూర్ల పుస్తకం మొదటి, చివరి పేజీల నకళ్లు, రసీదులు, తోఫుకుజి, ఒనుమాల్లో తేదీతో సహా తీసిన ఫొటోలు.

భవదీయుడు,
(సంతకం)
విశ్రాంత వృక్షశాస్త్ర అధ్యాపకుడు,
కాకినాడ.