గ్లాక్ పిస్టల్ కొంటే ఇరవై మూడే తీసుకో, పందొమ్మిది కాదు

ఒరేయ్ శేఖరూ,

నీ ఉత్తరం వచ్చి నెల దాటింది, తప్పు నాదే. తిట్టుకునే ఉంటావు, ఇంకో నాలుగు తిట్టు, పడతాను. ఇక్కడ అందరూ బాగున్నారు, పిల్లల పరీక్షలు అయిపోయాయి, నాన్నగారి మోకాలు కాస్త నయం. మిగతావి తరవాత. నువ్వు చివర్లో గీకిన ఆ రెండు లైన్లకి జవాబు రాస్తే తప్ప నాకు నిద్ర పట్టేలా లేదు.

"గ్లాక్ 19, 23, 32 మూడూ చేతిలో ఒకేలా ఉన్నాయి. ఏదో ఒకటి కొనేసి, కావాలంటే తరవాత బ్యారెల్ మార్చుకుంటే సరిపోదా?" అన్నావు. అక్కడే ఉందిరా కిటుకంతా! 19 కాల్చేది 9 ఎమ్‌ఎమ్ తూటా, 23 కాల్చేది .40 (గుండు వ్యాసం 0.40 అంగుళం), 32 కాల్చేది .357 సిగ్. 19 కొని తరవాత .40కి పోదామంటే దారే లేదు. అదే 23 కొన్నావనుకో, మిగతా రెండింటికీ దారి ఉంది. పక్కా వన్‌వే. 

బయటి కొలతలు చూసి మోసపోకు. మూడింటి బ్యారెల్ పొడవూ 102 మిల్లీమీటర్లే, మూడో, నాలుగో జెనరేషన్లవి (కంపెనీ మార్పులు చేస్తూ తెచ్చిన తరాలు) అయితే ఒకే హోల్‌స్టర్‌లో, అంటే ఒకే ఒరలో కూర్చుంటాయి. అసలు తేడా స్లైడ్ (పిస్టల్ పైన ముందుకీ వెనక్కీ జారే భాగం) లోపల ఉంది. స్లైడ్ ఊడదీసి వెల్లకిలా తిప్పి చూడు. ఫైరింగ్ పిన్ తొంగిచూసే సన్నటి కంత కనిపిస్తుంది, దాని చుట్టూ తూటా అడుగు ఆనుకునే చదునైన జాగా. దాన్నే బ్రీచ్ ఫేస్ అంటారు. ఒక పక్క గట్టు, ఇంకో పక్క ఖాళీ కేసుని (తూటా ఇత్తడి గొట్టాన్ని) బయటికి లాగే ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం. మ్యాగజైన్‌లోంచి లేచిన తూటా తన రిమ్మును (అడుగు అంచుని) ఈ గట్టుకీ కొక్కేనికీ మధ్యలోకి జార్చుకుంటూ పైకి రావాలి. 9 ఎమ్‌ఎమ్ రిమ్ము వ్యాసం 9.96 మిల్లీమీటర్లు. .40ది 10.77. తేడా 0.81, ఒక్క మిల్లీమీటరు కూడా లేదు. కానీ 19 స్లైడ్‌ని 9 ఎమ్‌ఎమ్ రిమ్ముకి సరిపడేలానే కోశారు కాబట్టి .40 తూటా అక్కడ దూరదు. బ్యారెల్ ఎంత ఖరీదైనది తెచ్చి పెట్టినా లాభం లేదు. పెద్ద దాంట్లో చిన్నది పెట్టొచ్చు, కాస్త వదులుగా ఉంటుంది, అంతే. ఆ వదులు సంగతికి వస్తా, ఆగు.

ముందు తేలికైన మార్పు. .357 సిగ్ 1994లో వచ్చింది. .40 కేస్ లాంటిదాన్నే పైన నొక్కి సన్నటి మెడ చేసి 9 ఎమ్‌ఎమ్ వ్యాసం గుండు బిగించినట్టు ఉంటుంది. రిమ్ము అదే 10.77. అందుకని 23లో 32 బ్యారెల్ వేస్తే పని అయిపోయినట్టే. మ్యాగజైన్ అదే, పట్టేవి అవే 13 తూటాలు, ఎక్స్‌ట్రాక్టర్, ఎజెక్టర్ (ఖాళీ కేసుని పక్కకి తన్నే ముక్క) ముట్టుకోనక్కర్లేదు. కాకపోతే .40కి గరిష్ఠ పీడనం చదరపు అంగుళానికి 35,000 పౌండ్లయితే దీనికి 40,000. చప్పుడూ మంటా రెండూ ఎక్కువే, స్లైడ్‌ని మళ్ళీ ముందుకి తోసే రికాయిల్ స్ప్రింగ్ త్వరగా అలిసిపోతుంది. అలవాటు లేనివాడికి నేనైతే ఇవ్వను.

ఇక 9 ఎమ్‌ఎమ్. చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. 19 బ్యారెల్ తీసి 23లో పెట్టేస్తారు. పడుతుంది కూడా. కానీ దాని హుడ్ (చాంబర్, అంటే బ్యారెల్‌లో తూటా కూర్చునే చోటు, దాని పైన వెనక్కి పొడుచుకొచ్చిన ఆ నాలుక ఉంది చూడు, అది) .40 స్లైడ్‌కి సన్నం. పక్కకి ఊగుతుంది, ప్రతిసారీ ఒకేచోట బిగుసుకోదు, గుళ్ళు చెల్లాచెదురుగా పడతాయి. నీకు కావలసింది కన్వర్షన్ బ్యారెల్. బయటంతా .40 కొలత, లోపల గుండు పోయే రంధ్రం 9 ఎమ్‌ఎమ్. గ్లాక్ వాళ్ళు ఇవి చెయ్యరు. లోన్ వుల్ఫ్, కేకేఎమ్, బార్‌స్టో లాంటి బయటి కంపెనీల వాళ్ళు చేశారు. ఆర్డర్ పెట్టేముందు నీ పిస్టల్ ఏ జెనరేషనో చూసుకో. ఐదో జెనరేషన్ .40 స్లైడ్ మందం వేరు, మూడూ నాలుగుల బ్యారెల్ దానికి పనికిరాదు.

బ్యారెల్‌తో పాటు 19 మ్యాగజైన్ కూడా కొను. ఇది తప్పదు. .40 మ్యాగజైన్ పెదాలు (తూటాని పట్టి ఉంచే పై అంచులు) వెడల్పు, 9 తూటాలు అందులో వదులుగా పడుకుంటాయి. నిండుగా ఉన్నప్పుడు బాగానే పని చేసినట్టు కనిపించి, చివరి రెండు మూడు తూటాలకి ముక్కు కిందికి వేసి ఇరుక్కుంటుంది. 19 మ్యాగజైన్ 23 ఫ్రేమ్‌లో (పిడి ఉన్న కింది భాగంలో) చక్కగా కూర్చుంటుంది, పైగా 15 పడతాయి. ఎక్స్‌ట్రాక్టర్ మాత్రం .40దే ఉంటుంది. ఇందాక చెప్పిన వదులు అదే, రిమ్ము మీద పట్టు కాస్త తగ్గుతుంది. ఎక్కువ పిస్టల్స్‌లో దానికేం కాదు. ఖాళీ కేసులు ఒకసారి నెత్తి మీదికి, ఒకసారి ఎడమకి ఎగురుతున్నాయంటే ముందు ఎజెక్టర్ మార్చు. మూడో జెనరేషన్‌లో 9 ఎమ్‌ఎమ్ ఎజెక్టర్ మీద 336 అని ఉంటుంది. అదీ చాలకపోతే ఎక్స్‌ట్రాక్టర్. స్ప్రింగ్ జోలికి చిట్టచివర్లోనే పో. చాలాసార్లు తప్పు స్ప్రింగుది కాదు, బలహీనమైన తూటాలది. కొంచెం మందు ఎక్కువున్న గట్టి తూటాలు వేసి చూస్తే, ఖాళీ కేసులు స్లైడ్ కిటికీలో (అవి బయటికి ఎగిరే కంతలో) ఇరుక్కుని నిలబడిపోవడం చాలాసార్లు ఆగిపోతుంది.

శేఖరూ, ఇప్పుడు రాసేది నెమ్మదిగా చదువు. గ్లాక్ విప్పాలంటే ట్రిగ్గర్ నొక్కాల్సిందే. బ్యారెల్ మార్చేవాడు నెలకి నాలుగుసార్లు విప్పుతాడు, నాలుగుసార్లూ ట్రిగ్గర్ నొక్కుతాడు. మ్యాగజైన్ తీసేశాం కదా ఖాళీయే అనుకుని, చాంబర్‌లో మిగిలిన ఒక్క తూటాతో చేతులు పోగొట్టుకున్నవాళ్ళున్నారు. కాబట్టి ముందు మ్యాగజైన్ తియ్యి, ఆ తరవాతే స్లైడ్ లాగు. ఈ వరస తిరగబడితే నువ్వు బయటికి తీసిన తూటా స్థానంలోకి మ్యాగజైన్‌లోంచి ఇంకోటి ఎక్కుతుంది. స్లైడ్ వెనక్కి నిలబెట్టి చాంబర్‌లోకి కళ్ళతో చూడు, చిటికెన వేలు పెట్టి తడుము, మళ్ళీ చూడు. నువ్వు పిస్టల్ విప్పే గదిలో తూటాలే ఉండకూడదు. గోడ వైపు కాకుండా గుండుని ఆపగలిగే దాని వైపు గురిపెట్టి ట్రిగ్గర్ నొక్కు. స్లైడ్‌ని మూడు మిల్లీమీటర్లు వెనక్కి లాగి, రెండు పక్కలా ఉన్న స్లైడ్ లాక్ చెవుల్ని కిందికి దించి, ముందుకి తోసెయ్. అంతకన్నా ఎక్కువ లాగితే ట్రిగ్గర్ మళ్ళీ సెట్ అవుతుంది, మొదటికొస్తావు. స్ప్రింగ్ తీసి, బ్యారెల్ ఎత్తు.

కొత్త బ్యారెల్ వచ్చాక దాని నూనె తుడిచి, స్లైడ్‌లో పెట్టకముందే డమ్మీ (మందు లేని) తూటా ఒకటి చాంబర్‌లో జారవిడు. టప్పున కూర్చోవాలి, వేలితో తిప్పితే తిరగాలి, బోర్లిస్తే దానంతటదే రాలాలి. ఈ కంపెనీల చాంబర్లు గ్లాక్ చాంబర్ కన్నా బిగువు. కేస్ అడుగుకి ఆసరా బాగా దొరుకుతుంది, అది మంచిదే. కానీ ఇంట్లో మళ్ళీ నింపిన, కాస్త ఉబ్బిన కేసులు ఇక్కడే పట్టుకుంటాయి. స్లైడ్ ఒకటి రెండు మిల్లీమీటర్లు తక్కువలో ఆగిపోయిందంటే బొటనవేలితో తోయకు, ఆకురాయి పట్టుకోకు. హుడ్ ఒక్కసారి ఎక్కువ అరిగిందంటే ఆ బ్యారెల్ చెత్తబుట్టకే, అందుకే గన్‌స్మిత్‌కి (తుపాకులు బాగుచేసేవాడికి) ఇచ్చెయ్. నా లెక్క ప్రకారం 200 తూటాలు ఏ ఇబ్బందీ లేకుండా దాటేదాకా ఏ కన్వర్షన్‌నీ నమ్మకూడదు. గురి కూడా మారుతుంది. బ్యారెల్ మార్చిన ప్రతిసారీ పది మీటర్ల దగ్గర ఐదు గుళ్ళు కాల్చి ఎక్కడ పడుతున్నాయో చూసుకో.

ఇంకో భయం ఉంది. స్లైడ్ మీద .40 అని చెక్కి ఉంటుంది, లోపల బ్యారెల్ మాత్రం 9. ఆ సంగతి నీకు తెలుసు, పక్కవాడికి తెలియదు. .40 చాంబర్‌లో 9 ఎమ్‌ఎమ్ గానీ .357 సిగ్ గానీ దూరిపోతాయి, పేలనూ పేలొచ్చు. ఆసరా లేక కేస్ చీలిపోతుంది, గుండు బ్యారెల్ గోడలకి కొట్టుకుంటూ పోతుంది. అందుకని ఒకటి చెయ్యి. 9 మ్యాగజైన్ల అడుగున ఎర్ర టేపు, .357కి పసుపు. బల్ల మీద ఒక్క రకం తూటాల పెట్టే ఉండాలి. నింపేముందు హుడ్ మీది అంకె పైకి చదువు, నోటితోనే చదువు. నువ్వు పైకి చదవడమంటే సిగ్గుపడతావని తెలుసు, అయినా చదువు.

గ్లాక్ వద్దనుకుంటే సిగ్ కంపెనీ పిస్టల్ పీ229 ఉంది. .40, .357 సిగ్ మధ్య బ్యారెల్ ఒక్కటి మారిస్తే చాలు, అయితే బరువు. అదే కంపెనీ పీ320 విప్పడానికి ట్రిగ్గర్ నొక్కక్కర్లేదు, నాకు అదొక్కటే చాలా నచ్చింది. దానికి స్లైడ్, బ్యారెల్ కలిపిన కిట్‌గా మారుస్తారు, బ్రీచ్ ఫేస్ గొడవే ఉండదు, కానీ ఖర్చు ఎక్కువ. 23లు మాత్రం సెకండ్‌హ్యాండ్‌లో దండిగా దొరుకుతాయి. అమెరికాలో ఎఫ్‌బీఐ మొదలుకొని చాలా పోలీసు శాఖలు .40 వదిలి 9కి తిరిగి వెళ్ళిపోయాయి కదా, వాళ్ళు దించుకున్నవే. మరి చట్టం? అమెరికాలో ఫ్రేమే తుపాకీ కింద లెక్క, ఐరోపా యూనియన్‌లో బ్యారెల్‌ని కూడా ముఖ్యభాగంగానే చూస్తారు. బ్యారెల్ డబ్బు కట్టకముందే నువ్వున్నచోట లైసెన్స్‌లో అది ఎలా రాయాలో అడుగు.

సీసం గుళ్ళ గురించి కూడా రాయాలి. గ్లాక్ పాత బ్యారెళ్ళలో రైఫ్లింగ్ (గుండుని తిప్పే లోపలి మెలి గాడులు) పాలిగొనల్, అంటే పదునైన అంచులు లేనిది, అందులో ఒట్టి సీసం పేరుకుని పీడనం పెరుగుతుంది, ఆ బయటి కంపెనీల బ్యారెళ్ళలో అయితే మామూలు గాడులే కాబట్టి... అయ్యో, టపా కట్టేవాడు వచ్చేశాడు. ఇది ఇప్పుడు వెయ్యకపోతే మళ్ళీ సోమవారమే. 23, మూడో జెనరేషన్, చాంబర్ చూశాకే ట్రిగ్గర్. వదినకి నమస్కారాలు చెప్పు.

నీ
బాబి